నోటి దారిన పోయే గాలి: సీప్యాప్ వాడేవారి కోసం కొన్ని మాటలు



గురక గురించి, నిద్రలో ఊపిరి ఆగిపోయే జబ్బు గురించి ఈ పత్రికలో ఇదివరకే రాశాము. దానికి వాడే సీప్యాప్ మెషిన్ గురించి కూడా అప్పుడు కొంత చెప్పాము. అయితే మెషిన్ కొనుక్కుని ఇంటికి వెళ్ళినవారు రెండు మూడు నెలల తరువాత మళ్ళీ కనిపించినప్పుడు చెప్పే మాట వేరుగా ఉంటోంది. "డాక్టరు గారూ, అది నాకు పడలేదండి, తీసి బీరువా మీద పెట్టేశాను" అంటారు. ఎందుకు పడలేదని నిదానంగా అడిగి తెలుసుకుంటే చాలామంది దగ్గర ఒకటే సంగతి బయటపడుతుంది. మెషిన్ ఇచ్చే గాలి గొంతులో నిలవడం లేదు. నోట్లోంచో, మాస్కు అంచుల్లోంచో బయటికి పోతోంది. ఈ సంచికలో ఆ సంగతి రాయదలిచాము.

ఆదివారం పోయిన గొంతు

మా దగ్గరకు వచ్చే ఒక పాస్టరు గారి విషయం చెబుతాము. ఆయన అనుమతితోనే, పేరు ఊరు లేకుండా రాస్తున్నాము. వయస్సు యాభై దాటింది. కాస్త భారీ మనిషి, మెడ పొట్టి. పగలు కూర్చున్నచోటే కునుకు పట్టేది. ఎవరైనా సాక్ష్యం చెబుతుంటే వేదిక మీదనే తల వాలిపోయేది. సండేస్కూలు పిల్లలు చూసి నవ్వుకునేవారు. నిద్ర పరీక్ష చేస్తే గంటకు 42 సార్లు ఊపిరి ఆగడమో, సన్నగిల్లడమో జరుగుతోందని తేలింది. ఈ లెక్క 5 లోపు ఉంటే మామూలు, 30 దాటితే తీవ్రమైన జబ్బు. సంఘస్థులు కొంత, కుమారుడు కొంత వేసుకుని మెషిన్ కొన్నారు. ముక్కు మీద మాత్రమే కూర్చునే మాస్కు ఇచ్చి పంపాము.

మొదటి వారం బాగుంది. తరువాత తెల్లవారేసరికి నోరు ఎండిపోయి నాలుక అంగిటికి అతుక్కుపోవడం మొదలైంది. శనివారం రాత్రి మెషిన్ పెట్టుకుంటే ఆదివారం ఉదయం గొంతు బొంగురుపోయి వాక్యం చెప్పలేకపోయేవారు. పాస్టరు గారికి గొంతే కదా పనిముట్టు. అందుకని ముందు శనివారాలు మానేశారు. తరువాత ఉపవాస కూటాలు ఉన్న రోజుల్లో మానేశారు. ఆఖరికి పూర్తిగా మానేశారు. డబ్బు వేసి కొనిచ్చిన సంఘానికి చెప్పడానికి మొహమాటం, మాకు చెప్పడానికి భయం. నాలుగు నెలలు అలా గడిచాక ఒక సాయంత్రం పక్క ఊరిలో ప్రార్థన ముగించుకుని మోటారు సైకిలు మీద వస్తుండగా కాలువ గట్టు మీద ఆయన కళ్ళు మూతపడ్డాయి. దేవుని దయవల్ల వెనుక కూర్చున్న అమ్మగారు గమనించి భుజం పట్టుకుని గట్టిగా కుదిపారు. మరునాడు ఆమే ఆయనను, సంచిలో మూటగట్టిన మెషిన్‌ను వెంటబెట్టుకుని మా దగ్గరకు వచ్చారు.

"రాత్రంతా నోరు తెరిచే పడుకుంటారండీ. పెదవుల్లోంచి ఫుర్రు ఫుర్రుమని గాలి కొడుతూనే ఉంటుంది" అన్నారు అమ్మగారు. మేము చేయవలసిన పరీక్షలో సగం ఆమె అప్పటికే చేసేశారు.

ఇక్కడ మా పొరపాటు కూడా ఒప్పుకోవాలి. మెషిన్ ఇచ్చిన తరువాత మొదటి రెండు వారాల్లో మేమే ఆయనను మళ్ళీ పిలిపించి చూసి ఉండవలసింది. అలవాటు కుదిరేదీ, చెడేదీ ఆ కొద్ది రోజుల్లోనే. ఇప్పుడు కొత్తగా మెషిన్ తీసుకున్న ప్రతి ఒక్కరికీ పది రోజుల్లో ఫోను చేస్తున్నాము.

పైపుకు చిల్లు పడితే

నిద్రపోయినప్పుడు ఒంట్లోని కండరాలతో పాటు గొంతు చుట్టూ ఉన్న కండరాలు కూడా సడలుతాయి. ఈ జబ్బు ఉన్నవారిలో నాలుక మొదలు, కొండనాలుక దగ్గరి మెత్తటి అంగిలి వెనక్కి జారి గాలి దారిని మూసేస్తాయి. పది సెకన్లో, ఇరవై సెకన్లో, ఒక్కోసారి నిమిషం దాకానో ఊపిరి ఆడదు. రక్తంలో ప్రాణవాయువు తగ్గుతుంది. మెదడు ఉలిక్కిపడి మనిషిని సగం లేపుతుంది, పెద్ద శబ్దంతో దారి తెరుచుకుంటుంది. మళ్ళీ నిద్ర, మళ్ళీ మూత. పొద్దున లేచాక ఇవేవీ గుర్తుండవు. తలనొప్పి, మత్తు మాత్రమే మిగులుతాయి. ఇలా ఏళ్ళ తరబడి సాగితే రక్తపోటు మందులకు లొంగకపోవడం, గుండె లయ తప్పడం, పక్షవాతం వచ్చే అవకాశం పెరగడం ఉంటాయి. బండి నడిపేవారికి ప్రమాదం సరేసరి.

సీప్యాప్ మెషిన్ చేసే పని చాలా సాదాది. గదిలోని గాలినే తీసుకుని, కొద్దిపాటి ఒత్తిడితో ముక్కులోకి పంపుతుంది. ఆ ఒత్తిడి గొంతు గోడలు దగ్గరకు రాకుండా లోపలి నుండి ఆపి పట్టుకుంటుంది. ఆక్సిజన్ ఇచ్చే యంత్రం వేరు, ఇది వేరు. ఆస్ట్రేలియాలోని సిడ్నీలో కాలిన్ సల్లివన్ అనే వైద్యుడు, ఆయన సహచరులు ఈ పద్ధతిని కనిపెట్టి, ఐదుగురు రోగుల మీద వచ్చిన ఫలితాన్ని 1981లో లాన్సెట్ పత్రికలో ప్రచురించారు. ఆ తొలి రోజుల్లో గాలి బయటికి పోకుండా మాస్కును ప్రతి రాత్రీ జిగురుతో ముక్కుకు అతికించేవారు. గాలి లీకు ఈ చికిత్సతో పాటే పుట్టిన సమస్య అన్నమాట. జిగురు బాధ లేని కాలంలో ఉన్నందుకు మనం సంతోషించాలి.

గాలి ఒత్తిడిని సెంటీమీటర్ల నీటి ఎత్తుతో కొలుస్తారు. మామూలుగా మెషిన్లు 4 నుండి 20 వరకు ఇవ్వగలవు. ఒకరికి 8 చాలు, ఇంకొకరికి 14 కావాలి. ఆ ఒత్తిడి గొంతు దాకా చేరితేనే ఫలితం. పొలానికి నీళ్ళు పెట్టే పైపుకు మధ్యలో చిల్లు పడిందనుకోండి. మోటారు తిరుగుతూనే ఉంటుంది, కరెంటు కాలుతూనే ఉంటుంది, చివరి మడి మాత్రం ఎండిపోతుంది. ఇదీ అంతే.

ముక్కు మాస్కు పెట్టుకున్నప్పుడు నోరు తెరుచుకుంటే ఏమవుతుందో మీరే మెలకువగా ఉన్నప్పుడు చూడవచ్చు. మాస్కు పెట్టుకుని మెషిన్ వేయండి. పెదవులు మూసి, నాలుకను పైఅంగిటికి ఆనించి ఊపిరి తీయండి. హాయిగా ఆడుతుంది. ఇప్పుడు నోరు తెరవండి. ముక్కులోంచి వచ్చిన గాలి గొంతులోకి దిగకుండా నోట్లోంచి జోరుగా బయటికి తన్నుకుపోతుంది. మాట కూడా సరిగా రాదు. నిద్రలో జరిగేది ఇదే, తెలియకుండా జరుగుతుంది. గాలి అంతా నోటి దారిన పోతే గొంతులో ఒత్తిడి పడిపోయి దారి మళ్ళీ మూసుకుంటుంది. మాస్కు ముఖం మీద ఉన్నా జబ్బు జబ్బుగానే ఉంటుంది.

ముక్కు సంగతి ముందు చూడాలి

నోరు తెరుచుకుంటోందని తెలియగానే అందరికీ తట్టే ఉపాయం నోటిని కట్టేయడం. మేము చెప్పేది మాత్రం, ముందు ముక్కును చూడండి అని. ముక్కు ఆడనివాడు నోటితో ఊపిరి తీయక ఏం చేస్తాడు? అతని నోరు మూయించడం అంటే ఉన్న ఒక్క తలుపూ మూయడమే.

ఇందులో ఒక విషచక్రం ఉంది. మామూలుగా మనం ముక్కుతో గాలి పీల్చినప్పుడు ముక్కు లోపలి పొర ఆ గాలికి తడి, వెచ్చదనం ఇస్తుంది. తిరిగి ముక్కుతోనే వదిలినప్పుడు ఆ తడిలో కొంత వెనక్కి తీసుకుంటుంది. నోరు లీకైనప్పుడు గాలి ముక్కులోకి వస్తూనే ఉంటుంది గాని ముక్కు గుండా తిరిగి పోదు. ఒకటే దారిన, గంటల తరబడి. ముక్కు పొర ఎండి, మండి, వాచిపోతుంది. వాచిన ముక్కు ఇంకా మూసుకుంటుంది. నోరు ఇంకా తెరుచుకుంటుంది. పొద్దున లేచి "మెషిన్ వల్ల జలుబు చేసింది" అంటారు. ఆ జలుబుకు మూలం నోటి లీకు అని ఎవరికీ తోచదు.

పాస్టరు గారి ముక్కులో లైటు వేసి చూస్తే ఎడమ వైపు దాదాపు మూసుకుపోయి ఉంది. అడగగా అడగగా చెప్పారు, మెడికల్ షాపులో కొన్న ముక్కు చుక్కలు రెండేళ్ళుగా ప్రతి రాత్రీ వేసుకుంటున్నారట. ఇది మేము చాలామందిలో చూస్తున్నాము. ఆక్సీమెటజోలిన్, జైలోమెటజోలిన్ వంటి చుక్కలు వేసిన క్షణంలో ముక్కు తెరుచుకుంటుంది, నిజమే. కాని 3 నుండి 5 రోజులకు మించి వాడితే మందు ప్రభావం దిగగానే ముక్కు మునుపటికన్నా ఎక్కువ వాస్తుంది. మళ్ళీ చుక్కలు, మళ్ళీ వాపు. మీ దిండు పక్కన అలాంటి సీసా ఉంటే దయచేసి డాక్టరుకు దాచకుండా చెప్పండి. అది మానిపించే దారి ఉంది. మొదటి వారం పది రోజులు కష్టంగా ఉంటుంది, అంతే.

ముక్కు మూసుకోవడానికి ఇంకా కారణాలు ఉంటాయి. దుమ్ము, పొగ పడని ఎలర్జీ, ముక్కు దూలం వంకర, ముక్కులో కండ పెరగడం. వరి నూర్పిళ్ళ రోజుల్లో, ఇంటికి సున్నాలు వేసే పండుగ రోజుల్లో మా దగ్గరకు ఈ బాధతో వచ్చేవారు ఎక్కువ. ఎలర్జీ ఉన్నవారికి డాక్టరు ఇచ్చే స్టెరాయిడ్ స్ప్రే మంచిది. స్టెరాయిడ్ అనే మాటకు భయపడకండి, ముక్కులో కొట్టే మోతాదు చాలా తక్కువ. అయితే ఇది చుక్కల మాదిరిగా వెంటనే పని చేయదు. పూర్తి ఫలితానికి ఒకటి రెండు వారాలు పట్టవచ్చు. నాలుగు రోజులు కొట్టి "ఏమీ లేదు" అని పారేయకూడదు. దూలం బాగా వంకరైనా, కండ పెరిగినా ముక్కు చెవి గొంతు డాక్టరుకు చూపించాలి. ఆపరేషన్ ఒక్కటే గురక జబ్బును పోగొడుతుందని ఆశించవద్దు గాని, మెషిన్ సుఖంగా పెట్టుకోవడానికి అది సాయపడుతుంది.

పడుకునే ముందు ఉప్పునీటితో ముక్కు కడుక్కోవడం చౌకైన మంచి ఉపాయం. పావు లీటరు నీటికి అర టీస్పూను కన్నా కాస్త తక్కువ ఉప్పు చాలు. ఆ నీరు తప్పనిసరిగా కాచి చల్లార్చినదై ఉండాలి. నీటిలో ఉండే ఒక రకం అమీబా ముక్కు దారిన మెదడుకు చేరి ప్రాణాలు తీసిన సంఘటనలు కేరళలో 2024లోను, 2025లోను జరిగాయి. చెరువు నీరు, బావి నీరు, కుళాయి నీరు ఏదైనా సరే, కాచకుండా ముక్కులోకి ఎక్కించకండి.

నీళ్ళ డబ్బా ఎందుకు ఇచ్చారు?

పాస్టరు గారి మెషిన్ పక్కన ఉన్న నీళ్ళ డబ్బా కొత్తదానిలా మెరుస్తూ ఉంది. నీళ్ళు పోస్తే జలుబు చేస్తుందని ఎవరో చెప్పారట, అందుకని ఒక్క రోజూ పోయలేదు. ఆ డబ్బాను హ్యూమిడిఫయర్ అంటారు. అడుగున వేడి పలక ఉంటుంది. నీటి ఆవిరిని గాలిలో కలిపి పంపడం దాని పని. ముక్కు ఎండడం, వాయడం అనే ఆ చక్రాన్ని తెంచడానికి ఇదే మంచి సాధనం. జలుబు చేయించదు, తగ్గిస్తుంది.

డబ్బాలో డిస్టిల్డ్ వాటర్ పోయాలి. మన ప్రాంతపు బోరు నీళ్ళు పోస్తే వారం తిరగకుండా తెల్లటి పొర కడుతుంది. పెట్రోలు బంకుల్లో అమ్మే బ్యాటరీ నీళ్ళు ఊపిరితిత్తుల కోసం చేసినవి కావు, అవి వద్దు. ఏదీ దొరకని రాత్రి కాచి చల్లార్చిన మంచినీళ్ళు పోసుకోవచ్చు. పొద్దున మిగిలిన నీళ్ళు పారబోసి డబ్బా కడిగి ఆరబెట్టండి. నిన్నటి నీళ్ళ మీద నేటి నీళ్ళు పోయకండి. ట్యూబులో నీటి చుక్కలు చేరి గుడగుడలాడితే వేడి ఒక మెట్టు తగ్గించండి, ఫ్యాను గాలి, ఏసీ గాలి ట్యూబుకు సూటిగా తగలకుండా చూడండి. మెషిన్‌ను మంచం కన్నా కిందుగా పెట్టుకుంటే నీరు ముఖం మీదికి రాదు.

మాస్కు అంచుల లీకు

లీకు నోటిదా, మాస్కుదా అన్నది విడదీసి చూడాలి. నోరు, పెదవులు ఎండడం, దిండు మీద చొంగ, గొంతు బొంగురు, పెదవుల ఫుర్రు శబ్దం ఇవన్నీ నోటి లీకు గుర్తులు. కళ్ళు ఎర్రబడి మండడం, ముక్కు పక్కన ఈల వేసినట్టు శబ్దం, చెంపకు గాలి తగలడం మాస్కు లీకు గుర్తులు. పక్కన పడుకునేవారిని అడగండి. మెషిన్ రిపోర్టు ఎంత చెప్పినా వారు చెప్పేది వేరు.

మొదట ఒక మాట. మాస్కు ముందు భాగంలో సన్నని చిల్లులు ఉంటాయి, వాటిలోంచి ఎప్పుడూ గాలి వస్తుంది. అది లీకు కాదు. మనం వదిలిన చెడుగాలి బయటికి పోవడానికి కావాలనే పెట్టిన దారి. భార్య ముఖానికి గాలి కొడుతోందని ఒక పెద్దాయన ఆ చిల్లుల మీద ప్లాస్టరు వేసుకుని వచ్చారు. ఎంత ప్రేమో అనుకున్నాము గాని, వెంటనే పీకించాము. అవి మూస్తే వదిలిన గాలినే మళ్ళీ పీల్చవలసి వస్తుంది.

మాస్కు లీకైతే అందరూ చేసేది పట్టీలు బిగించడం. చాలాసార్లు అదే లీకును పెంచుతుంది. మాస్కు అంచున ఉన్న మెత్తటి సిలికాన్ కుషన్ గాలితో ఉబ్బి ముఖానికి ఆనుకోవాలి. బిగించి నొక్కేస్తే మడతలు పడి సందులు ఏర్పడతాయి. ముక్కు మీద పుండ్లు కూడా పడతాయి. పడుకుని, మెషిన్ వేసి, పట్టీలు వదులు చేసి, మాస్కును ముఖం నుండి కొంచెం ఎత్తి మళ్ళీ వదలండి. తరువాత లీకు ఆగేంతవరకే, రెండు వైపులా సమానంగా బిగించండి. కూర్చుని అద్దంలో చూసుకుంటూ సరిచేసుకున్న మాస్కు పడుకోగానే జారిపోతుంది, ఎందుకంటే పడుకున్నప్పుడు చెంపలు జారి ముఖం ఆకారం మారుతుంది.

మన ఇళ్ళలో లీకుకు ఉండే కారణాలు కొన్ని మెషిన్‌తో వచ్చిన పుస్తకంలో కనిపించవు. తలకు, ముఖానికి పట్టించే కొబ్బరినూనె వాటిలో మొదటిది. నూనె మీద సిలికాన్ జారుతుంది, త్వరగా పాడవుతుంది. ముఖం సబ్బుతో కడుక్కుని తుడుచుకుని మాస్కు పెట్టుకోండి. ముక్కు ఎండిందని వాజలైన్ రాయడం కూడా మాస్కుకు మంచిది కాదు, నీటితో చేసిన జెల్ అడిగి తీసుకోండి. స్త్రీలకు ముక్కుపుడక దగ్గర సందు పడుతుంది. తీయడం ఇష్టం లేనివారికి బలవంతం చేయము, ముక్కు రంధ్రాల దగ్గర మాత్రమే ఆనే చిన్న రకం మాస్కు పెట్టి చూస్తాము. ఒత్తైన మీసం, గడ్డం ఉన్నవారికీ అదే ఉపాయం. కట్టుడు పళ్ళు ఉన్నవారు మాస్కు కొలత ఇచ్చిన రోజు పళ్ళతో ఉండి, రాత్రి తీసి పడుకుంటే పెదవులు, చెంపలు లోపలికి పోయి మాస్కు సరిపడదు. రాత్రి ఎలా పడుకుంటారో అలాగే కొలత ఇవ్వండి.

కుషన్‌ను రోజూ ఉదయం తేలికపాటి సబ్బునీటితో కడిగి నీడలో ఆరబెట్టండి. పచ్చబడి గట్టిపడిన కుషన్‌ను ఎంత బిగించినా లాభం లేదు, మార్చవలసిందే. మాస్కు కొనేముందు మెషిన్ వేసి, పడుకుని పెట్టి చూపించమని అడగండి. ఒకసారి వాడినది చాలా దుకాణాలవారు వెనక్కి తీసుకోరు.

అప్పటికీ నోరు తెరుచుకుంటే

ముక్కు ఆడుతోంది, తడి గాలి వస్తోంది, మాస్కు సరిగా ఉంది, అయినా నోరు తెరుచుకుంటోంది. అప్పుడు గాలి ఒత్తిడిని చూడాలి. ఒత్తిడి ఎక్కువైతే గాలి పెదవులను తోసుకుని వస్తుంది. తక్కువైతే గొంతు మూసుకుని, మనిషి గాలి కోసం నోరు తెరుస్తాడు. రెండింటికీ బయటికి కనిపించే గుర్తు ఒకటే, వైద్యం మాత్రం తలక్రిందులు. కనుక ఒత్తిడిని ఇంట్లో ఎవరూ సొంతంగా మార్చకూడదు. తనంతట తానే ఒత్తిడి మార్చుకునే ఆటో మెషిన్లు కూడా పెద్ద లీకు ఉన్నప్పుడు దారి తప్పవచ్చు, ఊపిరి ఆగిన లెక్క కూడా తప్పు చూపవచ్చు. ముందు లీకు తగ్గించి ఆ తరువాత లెక్క చూడాలి.

గడ్డం పట్టీ దవడ కిందికి జారకుండా పట్టుకుంటుంది. కొందరికి బాగా పని చేస్తుంది. కాని అది దవడను ఎత్తుతుంది గాని పెదవులను మూయదు, అందువల్ల కొందరికి ఏమీ ఉపయోగపడదు. వెల్లకిలా పడుకున్నప్పుడు దవడ జారడం ఎక్కువ. పక్కకు తిరిగి పడుకునే అలవాటు చేసుకుంటే లీకూ తగ్గుతుంది, చాలామందికి జబ్బూ కాస్త తగ్గుతుంది. మద్యం, డాక్టరు రాయని నిద్ర మాత్రలు దవడను, గొంతును ఇంకా సడలిస్తాయి. మానమనే చెబుతాము.

ముక్కు, నోరు రెండింటినీ కప్పే పెద్ద మాస్కు ఉంది. ముక్కు ఎంతకూ తెరుచుకోనివారికి అది అవసరమే. అయితే నోరు తెరిచే ప్రతివారికీ మొదటే అది ఇచ్చేయడం మాకు సమ్మతం కాదు. ముఖం మీద ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కనుక లీకయ్యే అంచు కూడా ఎక్కువ. దవడను వెనక్కి నొక్కడం వల్ల కొందరికి ఒత్తిడి పెంచవలసి వస్తుంది. వాంతులయ్యేవారికి, తమ చేతితో మాస్కు తీసుకోలేని రోగులకు అది ప్రమాదం. కరెంటు పోతే ఊపిరాడదేమో అని భయపడేవారికి ఒక మాట. ఆ మాస్కులో మెషిన్ ఆగగానే తెరుచుకుని బయటి గాలిని రానిచ్చే చిన్న మూత ఉంటుంది. మెషిన్‌కు ఇన్వర్టరు ఉంటే మరీ మంచిది.

నోటికి టేపు అంటించుకోవడం ఈ మధ్య ఫోన్లలో చూసి కొందరు చేస్తున్నారు. మేము వద్దంటున్నాము. ముక్కు మూసుకున్న రాత్రి, కడుపులో తిప్పి వాంతి వచ్చిన రాత్రి ఆ టేపు ప్రాణం మీదికి తేవచ్చు.

పాస్టరు గారు ఏం చేశారు

ఆయన చేత ముక్కు చుక్కలు మానిపించాము. స్ప్రే మొదలుపెట్టాము, డబ్బాలో నీళ్ళు పోయించాము, అమ్మగారికి మాస్కు సరిచేయడం నేర్పించాము. పగలు అరగంట మెలకువగా కూర్చుని బైబిలు చదువుకుంటూ మాస్కు పెట్టుకోమన్నాము, పెదవులు మూసి ముక్కుతో ఊపిరి తీయడం అలవాటవుతుందని. జబ్బు అదుపులోకి వచ్చేవరకు మోటారు సైకిలు తాళం అమ్మగారి దగ్గర ఉండాలని షరతు పెట్టాము. అది ఆయనకు అన్నిటికన్నా కష్టమైంది. పక్క ఊరి కూటాలకు సంఘ యౌవనస్థులు తీసుకువెళ్ళి తీసుకువచ్చారు.

మొదటి పది రోజులు ముక్కు బాగా ఇబ్బంది పెట్టింది. రెండుసార్లు ఫోను చేసి మానేస్తానన్నారు. మూడో వారానికి ఎడమ వైపు ముక్కు తెరుచుకుంది. ఆయన మెషిన్ లీకును నిమిషానికి లీటర్లలో చూపుతుంది. ఆ రకం మెషిన్‌లో 24 దాటితే ఎక్కువ అని లెక్క. కొన్ని కంపెనీల మెషిన్లు మాస్కు చిల్లుల గాలిని కూడా కలిపి చూపుతాయి కనుక మీ మెషిన్ లెక్క ఏదో మమ్మల్ని అడిగి తెలుసుకోండి. ఆయనది మొదట 50 దాకా ఉండేది, ఆరు వారాలకు 18కి దిగింది. గంటకు 42 ఉన్న ఊపిరి ఆగే లెక్క 4కు వచ్చింది. రాత్రికి ఆరు గంటలు పెట్టుకుంటున్నారు. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక అమ్మగారు ఫోను చేసి "ఇవాళ గంటన్నర చెప్పారండీ, మీరు కాస్త తగ్గించే మందు ఉంటే ఇవ్వండి" అని నవ్వారు.

పూర్తిగా తగ్గిందని చెప్పము. నూర్పిళ్ళ రోజుల్లో ముక్కు మళ్ళీ పట్టేస్తుంది. ఆ రెండు మూడు వారాలకు పెద్ద మాస్కు వేరే ఉంచుకున్నారు. తాళం తిరిగి ఇచ్చారు.

మీలో ఎవరి మెషిన్ అయినా బీరువా మీద ఉంటే దింపి తీసుకురండి. వచ్చేటప్పుడు మాస్కు, ట్యూబు, నీళ్ళ డబ్బా, మెషిన్ వెనుక ఉండే చిన్న కార్డు, మీరు వాడే మందులన్నీ, ముక్కు చుక్కలతో సహా, ఒకే సంచిలో పెట్టుకోండి. రాత్రి మీ పక్కన పడుకునేవారిని కూడా వెంటబెట్టుకుని రండి.